స్పోర్ట్స్ కారు, పాత యజమాని, కొత్త రహదారి

సంగారెడ్డి వద్ద బయలుదేరి, జోగిపేట, పిట్లము, మద్నూరుల మీదుగా సాగి, తెలంగాణ పొలిమేర దాటి, దెగ్లూరు, నాందేడులను కలుపుకొనుచు అకోలా వరకు పోవు 161వ జాతీయ రహదారి నాలుగు వరుసలుగా విస్తరించిన పిదప, దానికి చేరువనున్న, కామారెడ్డి జిల్లాలోని పెద్ద కొడప్‌గల్ వంటి ఊళ్ళలో వచ్చిన మార్పులు పెక్కు కలవు. భూముల ధరలు మారినవి, హోటళ్ళు వెలసినవి, హైదరాబాదు ప్రయాణకాలము తగ్గినది. వీటి నడుమ ఎవరును అంతగా గమనింపని మార్పు మరియొకటి కలదు: ఇచ్చటి యువకుల కోరికలలోనికి స్పోర్ట్స్ కారు ప్రవేశించినది.

నిన్నటి తరమువారికి ఇంటి ముందర నిలుపవలసిన వాహనము ట్రాక్టరు. సోయాబీను, పత్తి, చెరకు పండించు ఈ నేలలలో దాని అవసరమును ఎవరును ప్రశ్నింపరు. నేటి తరములో హైదరాబాదున ఉద్యోగము చేయుచు శనివారము సాయంకాలము ఊరు చేరువారున్నారు. గల్ఫు దేశములలో ఏండ్ల తరబడి చెమటోడ్చి నాలుగు రాళ్ళు వెనకేసుకొని వచ్చినవారున్నారు. రహదారిపై నాందేడు దిక్కునకు దూసుకొనిపోవు రెండు తలుపుల పొట్టి కారును చూచి, జన్మలో ఒక్కటైనను అటువంటిది కొనవలెనని లోలోపల నిశ్చయించుకొన్నవారు వీరిలో తక్కువమంది కారు. ఆ కోరికను దుబారా యని పెద్దలు కొట్టిపారవేయుట నాకు సమ్మతము కాదు. చక్కగా కుదిరిన యంత్రమును ప్రేమించుట, దానిని స్వహస్తములతో నడుపవలెనని ఆశించుట మనుష్యునికి తగిన కోరికయే. అయితే ఆ కోరిక నెరవేరు మార్గము పాతబండి బేరము గుండ పోవుచున్నందున, అచ్చట జాగరూకత లేనివాడు జీవితకాలపు పొదుపు నొక్క వర్షాకాలములో పోగొట్టుకొను ప్రమాదము కలదు. ఈ వ్యాసము ఆ జాగరూకత కొరకే.

మొదట వెల సంగతి. కోటికి పైబడి పెట్టి మొదటి యజమాని కొన్న కారు పది పన్నెండేండ్లకు అందులో మూడవ వంతుకు, ఒక్కొక్కప్పుడు ఇంకను తక్కువకు, దొరకును. అనగా ఒక పెద్ద కొత్త ఎస్‌యూవీ కొను సొమ్ముతో నిన్నటి కలల కారు చేతికి వచ్చును. ఈ లెక్క చూచి మురిసిపోవువారు మరచునది, కారు వెల తగ్గినంత మాత్రమున దాని విడిభాగముల వెల తగ్గదన్న సంగతి. ముప్పది లక్షలకు కొన్న కారైనను, కోటి రూపాయల కారునకు ఏ బ్రేకు డిస్కులు, ఏ రేడియేటరు, ఏ క్లచ్చి కావలెనో దానికిని అవియే కావలెను. షోరూములో ఆ భాగములకు పాత కారని వేరు ధర వ్రాయరు. కనుక పాత స్పోర్ట్స్ కారు కొనువాడు తాను కొనుచున్న వెలను కాక, అది పుట్టిననాటి వెలను బట్టి తన తాహతును కొలుచుకొనవలెను.

తక్కిన కార్లనుండి స్పోర్ట్స్ కారును వేరుపరచునది వేగ మొక్కటే కాదు. కుటుంబము కొరకు నిర్మించిన కారులో ప్రతి భాగమునకును అవసరమునకు మించిన బలము కొంత ఉంచుదురు. యజమాని ఆయిలు మార్చుట రెండు మూడు నెలలు వాయిదా వేసినను అది సహించి నడచును. బరువు తగ్గింపవలెనన్న పట్టుదలయు, ఇంజను నిమిషమునకు ఏడెనిమిది వేల చుట్లు తిరుగవలెనన్న సంకల్పమును, నేలకు ఆనినట్లు కూర్చుండవలెనన్న నియమమును స్పోర్ట్స్ కారులో ఆ సహనమును చాలవరకు హరించును. 1999లో వెలువడిన హోండా ఎస్ 2000 అను కారులోని రెండు లీటర్ల ఇంజను టర్బో సహాయము లేకయే 240 అశ్వశక్తి నిచ్చుచు తొమ్మిది వేల చుట్ల దాక తిరిగెడిది. అంతటి తీవ్రతకు తట్టుకొనునట్లు దానిని నిర్మించిన ఇంజనీర్ల ప్రజ్ఞ స్తుత్యమే. కాని ఆయిలు పుల్ల తీసి మట్టము చూచు అలవాటు లేని యజమానికి ఆ ప్రజ్ఞ రక్షణ కాజాలదు. మాజ్డా ఆర్‌ఎక్స్-8లోని రోటరీ ఇంజను సంగతి ఇంకను స్పష్టము. అది తన నిర్మాణమును బట్టియే ఇంధనముతో పాటు కొంత ఆయిలును దహించును. ఆ మాట తెలియక పైపోయని యజమాని చేతిలో త్రికోణాకారపు రోటరు కొనలయందలి సీళ్ళు అరిగి, ఇంజను శక్తి యుడిగి, కడకు స్టార్టు కాక మొరాయించును. అదే కారు తెలిసినవాని చేతిలో ఏండ్లు నడచును.

మన్నికను గురించి మనవారు సాధారణముగ కంపెనీ పేరుతో తీర్పు చెప్పుదురు: జపాను బండి గట్టిది, జర్మనుబండి ఖర్చుబండి, ఇంగ్లీషుబండి నమ్మరానిది. ఈ తీర్పులలో సత్యాంశము లేకపోలేదు గాని, బేరమాడువేళ వీనిని నమ్ముకొనుట ప్రమాదకరము. లోటస్ ఎలీస్ అను తేలికపాటి ఇంగ్లీషు కారును చూడుడు. 1996లో వచ్చినప్పుడు దానిలో రోవరు కంపెనీ కె-సిరీస్ ఇంజను ఉండెడిది. తేలికయైన ఆ ఇంజను హెడ్ గాస్కెట్టు పోవుటకు పేరుమోసినది. 2004 ప్రాంతమున అదే కారులో టయోటా ఇంజను పెట్టి అమ్మనారంభించిరి. గాస్కెట్టు బెంగ అంతటితో తీరినది. పేరొకటి, రూపమొకటి, ఫ్యాక్టరీ ఒకటి. మన్నిక మాత్రము రెండు విధములు. మరియొక వైపున 1989లో షికాగో మోటారు ప్రదర్శనలో కనిపించిన మాజ్డా ఎంఎక్స్-5 కలదు. ముందు చిన్న ఇంజను, వెనుక చక్రములకు శక్తి, తక్కువ బరువు, చేతితో మార్చు గేర్లు: ఇంతకు మించిన ఆడంబర మందులో లేదు. ఆ నిరాడంబరత వలననే 2016 నాటికి పది లక్షల కార్లు తయారై, ప్రపంచములో అత్యధికముగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా అది నిలిచినది. డాలసులోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవారెవరైనను మొదటి స్పోర్ట్స్ కారు ఏది కొనవలెనని అడిగినచో తడుముకొనకుండ నేను చెప్పుపేరు అదియే. దురదృష్టవశమున అది మన దేశములో అమ్మకమునకు రాలేదు. విదేశమునుండి పాతకారు తెచ్చుకొందమన్నను, మూడేండ్లకు మించిన కారును అనుమతింపని నియమమును, స్టీరింగు కుడివైపున ఉండవలెనన్న నిబంధనయు, దిగుమతి సుంకమును కలిసి ఆ దారిని మూసివేసినవి.

ఒక్క లోపమును దగ్గరనుండి చూచినచో విషయము మరింత తేటపడును. పోర్షే కంపెనీ 1996లో బాక్‌స్టర్‌ను, దాని వెంట నీటితో చల్లబడు ఇంజను గల కొత్త 911ను విడుదల చేసినది. వీని ఇంజనులో క్రాంకుషాఫ్టు శక్తిని కామ్‌షాఫ్టులకు అందించుటకు మధ్యమున ఒక ఇరుసు ఉండును. ఆ ఇరుసు ఒక కొనను మోయునది చిన్న బాల్ బేరింగు. దానిలో గ్రీజు నింపి ఇరువైపుల సీలు వేసిరి. ఇంజను ఆయిలు దానిని తాకనవసరము లేదని భావించిరి. కాలక్రమమున వేడికి ఆ సీలు గట్టిపడును. ఆయిలు లోనికి చొరబడి గ్రీజును కడిగివేయును. తరువాత ఆ ఆయిలును మారదు, బయటికి పోదు. గుండ్లు అరిగి బేరింగు విచ్చినదా, ఇరుసు కుదురు తప్పును, గొలుసులు జారును, వాల్వులు పిస్టనులను కొట్టుకొనును. అరచేతిలో ఇమిడెడి వస్తువు వలన లక్షలు విలువజేయు ఇంజను తుక్కగును. అన్ని కార్లలోను ఇట్లు జరుగలేదు. అధికభాగము నేటికిని క్షేమముగ నడచుచున్నవి. అయినను 2000 మొదలు 2005 వరకు ఒంటివరుస బేరింగు పెట్టిన కార్లలో భయ మెక్కువ. అమెరికాలో యజమానులు సామూహిక వ్యాజ్యము వేయగా 2013లో పరిష్కారము కుదిరినది. పిమ్మట బేరింగు పరిమాణము పెంచిరి. 2009 మోడలు ఇంజనులో ఆ మధ్యపు ఇరుసునే తీసివేసిరి. అదే కాలమున రేసు కార్ల ఇంజను నుండి పుట్టిన 911 టర్బో, జీటీ3 ఇంజనులకు ఈ జబ్బే లేదు. కనుక పోర్షే మంచిదా కాదా అన్న ప్రశ్నకు అర్థము లేదు. ఏ సంవత్సరపుది, ఏ ఇంజను, ఆ బేరింగు మార్చిన బిల్లు ఉన్నదా అన్నవే ప్రశ్నలు.

మన్నికకు ర్యాంకు లిచ్చు నివేదికలను గురించి కూడ ఒక మాట. జర్మనీలో కొత్తకారును మూడేండ్లకు, అటుపిమ్మట రెండేండ్లకొకసారి నిర్బంధముగ తనిఖీ చేయుదురు. ఆ తనిఖీల ఫలితములను టీయూవీ సంస్థ ప్రతి సంవత్సరము ప్రకటించును. అందులో పోర్షే 911 పలుమార్లు అగ్రస్థానములలో నిలిచినది. దీనిని చూచి, ఇంత సున్నితమైన కారు ఇంత దృఢమెట్లయినదని ఆశ్చర్యపడువారు కలరు. ఆ కారు బాగుగ నిర్మింపబడినమాట వాస్తవమే. కాని దాని యజమాని దానిని ఏటికి కొద్ది వేల కిలోమీటర్లే నడుపును, పైకప్పుగల గారేజిలో ఉంచును, సర్వీసు గడువు దాటనీయడు. టాక్సీగా తిరిగి ఏటికి అరువది వేలు నడచిన కారుతో దానిని పోల్చుట న్యాయము కాదు. ఆ పట్టిక కారును ఎంత కొలిచినదో, కారు యజమానిని అంత కొలిచినది. నా దృష్టిలో పాత స్పోర్ట్స్ కారు కొనువాడు గ్రహింపవలసిన ప్రధానవిషయము ఇదియే: మన్నిక కారులో మాత్రమే ఉండదు, నిర్మించినవాని నేర్పు, వాడినవాని శ్రద్ధ, ఇకమీదట ఉండబోవు చోటు, ఈ మూటిలోను అది పంచబడి యుండును.

వీనిలో రెండవదియగు వాడినవాని శ్రద్ధను తెలిసికొనుట అన్నిటికంటె కష్టము. ఏలయన నిజము తెలిసినవాడు అమ్మువాడు, డబ్బిచ్చువాడు కొనువాడు. అమెరికా ఆర్థికవేత్త జార్జి అకెర్లాఫ్ 1970లో ప్రకటించిన ఒక చిన్న వ్యాసము సరిగ్గ ఈ పాతకార్ల అంగడిని గురించియే. మంచిబండికిని చెడ్డబండికిని భేదము కొనువానికి తెలియనందున అతడు రెండింటికిని నడిమి ధరయే ఇవ్వజూపును. ఆ ధరకు మంచిబండి యజమాని అమ్మనొల్లక తప్పుకొనును. అంగడిలో చెడ్డవే మిగులును. మూడు పత్రికలు తిరుగగొట్టిన ఆ వ్యాసమే తరువాత ఆయనకు 2001లో నోబెలు బహుమతి తెచ్చిపెట్టినది. అందులో మన దేశపు పల్లెల వడ్డీవ్యాపారి ప్రస్తావన కూడ ఉన్నది: అప్పు అడుగువాని గుణగణములు ఊరివానికి తెలియును, దూరపు బ్యాంకునకు తెలియవు. ఈ ప్రాంతపు రైతులకు ఈ సూత్రము పుస్తకము చదువకయే తెలియును. పాత ట్రాక్టరు కొనునప్పుడు వారు రంగు చూడరు. ఎన్ని గంటలు నడచినదో, ఎవని పొలములో నడచినదో, వాడెట్టివాడో మూడూళ్ళు తిరిగి విచారింతురు. అదే రైతు కొడుకు హైదరాబాదులో ఎర్రని కారు ముందర నిలబడినప్పుడు ఆ విచారణను మరచుట నాకు బాధ కలిగించును.

మూడవదియగు చోటు సంగతి మన పత్రికలలో తక్కువగా వచ్చును గనుక ఇచ్చట కొంత విస్తరింపవలసియున్నది. పెద్ద కొడప్‌గల్‌లో జాతీయ రహదారి దిగి ఊరిలోనికి మరలగనే ఎదురగునది స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ప్రమాణము ప్రకారము స్పీడ్ బ్రేకరు 17 మీటర్ల వ్యాసార్థముగల చాపమువలె, 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను. ముందు వెనుక చక్రముల నడుమ 2.45 మీటర్ల దూరముగల 911 వంటి కారు అట్టి చాపముమీద ఎక్కినప్పుడు, రేఖాగణితము చొప్పున దాని కడుపు క్రిందికి పొడుచుకొని వచ్చు ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లకు మించదు. పదునొకండు పండ్రెండు సెంటీమీటర్ల ఎడము గల కారు దానిని సుఖముగ దాటును. మన ఊళ్ళలో ప్రమాదమొకటి జరిగిన మరునాడు సిమెంటుతో పోసెడి అడుగు వెడల్పు గట్టు అట్లు కాదు. దాని ఎత్తు పదునైదు సెంటీమీటర్లున్నచో ఆ పదునైదును కడుపు క్రిందికే వచ్చును. అనగా ప్రమాణము పాటించిన రోడ్డుమీద యోగ్యమైన కారే ప్రమాణము తప్పిన గట్టుమీద ఆయిలు చాంబరు పగులగొట్టుకొనును. కొనుటకు ముందు ఇంటినుండి రహదారి వరకు నడచి, దారిలోని గట్లను టేపుతో కొలుచుకొనుట హాస్యాస్పదము కాదు, అత్యవసరము.

వేసవిలో ఈ జిల్లాలో ఎండ 44, 45 డిగ్రీలకు పోవును. రేడియేటరు ఫ్యాను, కూలెంటు మోయు ప్లాస్టిక్కు గొట్టములు, రబ్బరు బుష్షులు చలిదేశమున పదునైదేండ్లు నిలుచునవి ఇచ్చట అంతకాలము నిలువవు. పెట్రోలులో ఇప్పుడు ఇరువదిపాళ్ళు ఇథనాలు కలియుచున్నది. 2023 ఏప్రిలునకు పూర్వపు కార్లలో పెక్కింటి ఇంధనపు గొట్టములు, సీళ్ళు దానిని ఉద్దేశించి చేసినవి కావు. ఇథనాలు తేమను పీల్చుకొను స్వభావము కలది. నెలల తరబడి కదలక నిలిచియుండు కారునకు, స్పోర్ట్స్ కార్లలో అధికభాగము అట్టివే గనుక, ఈ తేమ మేలు చేయదు. ఇక వర్క్‌షాపు: సమీపపు పట్టణమగు బాన్సువాడలో ఏ మారుతి కారునైనను విప్పి బిగింపగల నిపుణులున్నారు, జర్మను కారు కంప్యూటరుతో మాటలాడగల యంత్రము మాత్రము హైదరాబాదులోనే ఉండును. నూటయాభై కిలోమీటర్లు ఫ్లాట్‌బెడ్ లారీమీద ఎక్కించి పంపు ఖర్చు కూడ ఆ కారు మన్నికలో భాగమే. జూబిలీహిల్సు యజమానికి స్వల్పలోపమగునది పెద్ద కొడప్‌గల్ యజమానికి నెలరోజుల నిరీక్షణ.

ఈ దృష్టితో మన దేశములో దొరకు బండ్లను చూచినచో నా అభిప్రాయము ఇది. వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ 2013లో వచ్చినప్పుడు నగరయువకుల మనస్సు దోచినది. 105 అశ్వశక్తి, డీఎస్‌జీ యను ఏడు గేర్ల స్వయంచాలక గేరుపెట్టె. ఆ పెట్టెలోని పొడి క్లచ్చీలు, వానిని నడుపు మెకట్రానిక్ భాగము ట్రాఫిక్కులో వేడెక్కి ఇబ్బంది పెట్టుట ప్రపంచమంతట అనుభవమే. 2013లో చైనాలో ఒక్కచోటనే మూడు లక్షల ఎనుబది వేలకు పైగా కార్లను కంపెనీ వెనుకకు పిలిచినది. 2020లో అదే పేరుతో ఒక లీటరు ఇంజను, ఆరు గేర్ల సామాన్యమైన టార్క్ కన్వర్టరు పెట్టె వచ్చినవి. రెండింటిలో నేను ఎన్నుకొనునది ఈ రెండవదియే. 145 అశ్వశక్తి గల అబార్త్ పుంటో నడుపుటకు మహానందము కలిగించు కారు. కాని ఫియట్ కార్ల అమ్మకము మన దేశమున నిలిచిపోయినది గనుక దాని విశిష్ట భాగములకు వెతుకులాట తప్పదు. ఒక తలుపు అద్దము కొరకు పుణె వరకు ఫోనులు చేయు ఓపిక ఉన్నవారే దాని జోలికి పోవలెను. మారుతి 2017లో తెచ్చిన బలెనో ఆర్‌ఎస్ స్పోర్ట్స్ కారు కాదని పలువురందురు. ఒక లీటరు టర్బో ఇంజను, 102 అశ్వశక్తి, నాలుగు చక్రములకు డిస్కు బ్రేకులు మాత్రమే అందులో ఉన్నవి. ఆనాడు ఆ ఇంజను జపానునుండి వచ్చెడిది. మూడేండ్లకే ఆ కారు ఆగిపోయినది. అయితే 2023లో ఫ్రాంక్స్ అను కారులో అదే ఇంజను తిరిగి వచ్చుటతో భాగముల భయము చాల తగ్గినది. రాత్రివేళ పెద్ద కొడప్‌గల్‌లోనే ఇంటి ముందర నిలుచు కారు కావలెనన్నచో ఇటువంటిదే నా సలహా. హైదరాబాదులో ఉంచి, సెలవునాడు మాత్రము ఊరికి తెచ్చుకొనువారు, ధనము కలవారు, 2009 తరువాతి పోర్షే కేమన్‌ను నిర్భయముగ చూడవచ్చును. పదేండ్లు దాటిన మడుపుకప్పు కార్లను, లోహపు కప్పును మోటార్లతో మడచి వెనుక దాచుకొనువానిని, నేను ఎవరికిని సిఫారసు చేయను. మన ఎండకు వాని సీళ్ళు, హైడ్రాలిక్ గొట్టములు ముందుగ లొంగిపోవును, బాగుచేయించుటకు అయ్యెడి ఖర్చుతో చిన్నకారు వచ్చును.

బండి చూచుటకు పోవు వేళను గురించి బాన్సువాడలో షెడ్డు నడుపుచున్న ఒక వృద్ధ మెకానిక్కు ఒక యువకునికి చెప్పుచుండగా విన్నమాటలు ఏ పుస్తకములోని మాటలకును తీసిపోవు.

“తమ్మీ, బండి జూడవోతే పొద్దుగాల్నే వోవాలె. నువ్వు వొయ్యే యాళ్లకే ఇంజను గరమ్ జేసి పెట్టిండంటే ఏదో దాస్తుండని సమజ్ జేస్కో.”

“గట్లెందుకే కాకా? గరమైనంక బండి మంచిగనే నడుస్తదిగదా?”

“గందుకే అంటున్న. సల్లటింజను అబద్ధమాడదు. బానెట్టు మీద చెయ్యి వెట్టు, రాయి లెక్క సల్లగున్నదా, అప్పుడు తాళం దిప్పు, ముందుగాల రెండు సెకండ్లు చప్పుడిను, ఎనుకకు వొయ్యి పొగ జూడు.”

ఆ రెండు సెకండ్లలో టైమింగు గొలుసు గలగల వినబడినదా, గొలుసుబిగి సడలినదని అర్థము. నీలిపొగ వచ్చినచో ఆయిలు మండుచున్నది. తెల్లని ఆవిరి నిమిషముల తరబడి ఆగనిచో కూలెంటు సిలిండరులోనికి పోవుచున్నది. తరువాత కారు చుట్టును నిదానముగ నడువవలెను. ప్రతి అద్దము మూలను తయారైన సంవత్సరపు గుర్తుండును. అన్నిటియందు ఒకే గుర్తుండి ఒక తలుపున వేరుగ నున్నచో, ఆ తలుపు కథ అడుగవలెను. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తుండును. 2319 అన్నచో 2019వ సంవత్సరములో 23వ వారము. గాడులు లోతుగనే ఉన్నను ఆరేండ్లు దాటిన టైరు వేగముగ పోవు కారునకు తగదు. నాలుగు టైర్లు నాలుగు కంపెనీలవైనచో ఆ యజమాని తక్కిన ఖర్చులయందు ఎట్లు పొదుపు చేసియుండునో ఊహింపవచ్చును. రంగు మందము కొలుచు చిన్న పనిముట్టు దొరకును. ఫ్యాక్టరీ రంగు సాధారణముగ నూరు నుండి నూటయాభై మైక్రాన్లుండును, టింకరింగు చేసి పుట్టీ పెట్టిన చోట అది ఎన్నో రెట్లు చూపును. సీటుబెల్టును కొసవరకు లాగవలెను. ఎన్నడును బయటికి రాని ఆ చివరిభాగమున మట్టిచార కనిపించినచో ఆ కారు నీట మునిగినది. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను మునిగిన కార్లు అన్నియు తుక్కునకు పోయినవని నమ్మువాడు అమాయకుడు.

మీటరు తిప్పుట మన దేశమున చిన్నపనియైపోయినది. అందుచేత మీటరును కాక సర్వీసు బిల్లులమీది కిలోమీటర్ల వరుసను చూడవలెను. ఛాసిస్ నంబరు చెప్పినచో కంపెనీ సర్వీసు కేంద్రమునందలి చరిత్ర తెలిసికొనుటకు వీలున్నది. అమ్మువాని సమ్మతితో అది చూడవచ్చును. స్కానరు పెట్టునప్పుడు లోపముల జాబితా ఖాళీగా కనిపించినంతమాత్రమున తృప్తి పడరాదు. కారు తనను తాను పరీక్షించుకొను ప్రక్రియలు పూర్తియైనవా లేవా అని కూడ అది చూపును. అవి అసంపూర్ణముగ నున్నచో నిన్నరాత్రియే ఎవరో లోపములను తుడిచివేసిరన్న అనుమానము సహేతుకము. లిఫ్టుమీద ఎక్కించి అడుగుభాగము చూపుటకు, కంప్రెషను కొలుచుటకు అమ్మువాడు అంగీకరింపనిచో, వెల ఎంత తగ్గించినను, కారు ఎంత అందముగ నున్నను, బేరము అంతటితో ముగించి ఇంటికి రావలెను. ఇందులో మొగమాటమునకు తావు లేదు.

కాగితముల సంగతి పొలిమేర ప్రాంతమువారికి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. నాందేడు ఎంహెచ్ 26, బీదరు కేఏ 38 నంబర్ల బండ్లు ఇచ్చట నిత్యము తిరుగును. ఆ వైపు బంధువుల పేర కారుంచి ఇచ్చట నడుపుకొనిన లైఫ్ టాక్సు మిగులునన్న ఆలోచన వినికిడిలో ఉన్నది. మోటారు వాహనముల చట్టము ప్రకారము మరియొక రాష్ట్రపు బండి పన్నెండు నెలలకు మించి ఇచ్చట ఉండినచో ఇచ్చటి నంబరు తీసికొనవలెను. కామారెడ్డి జిల్లా సంఖ్యయగు 17తో కొత్త రిజిస్ట్రేషను అయ్యెడి ఖర్చును బేరములోనే లెక్కవేసికొనుట మేలు. ఢిల్లీలో పదేండ్లు దాటిన డీజిలు, పదునైదేండ్లు దాటిన పెట్రోలు కార్లపై 2015లో హరిత ట్రిబ్యునలు విధించిన ఆంక్షను 2018లో సుప్రీంకోర్టు సమర్థించుటతో అచ్చటి కార్లు చౌకగా దక్షిణమునకు ప్రవహింపసాగినవి. వానిలో మంచివి లేకపోలేదు గాని, ఎన్‌ఓసీ, ఇచ్చటి పన్ను కలుపుకొనిన పిదప చౌకదనము మిగులునో లేదో చూడవలెను. ఫైనాన్సు ఉన్నచో 35వ నంబరు ఫారము, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి రానిదే సొమ్ము పూర్తిగా ఇవ్వరాదు. యాజమాన్య బదిలీకి కావలసిన 29, 30 ఫారములపై సంతకములు చేయించుకొని బీరువాలో పెట్టుకొను దురభ్యాసము మనవారిలో బలముగా నున్నది. అదే రాష్ట్రములోనైనచో అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో అధికారికి తెలియజేయవలెనని చట్టము. రికార్డులో ఎవని పేరున్నదో ప్రమాదమునకు వాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో స్పష్టపరచినది. అమ్మినవాడు పేరు మారినదో లేదో విచారింపకుండుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి తెలియును. కొన్నవానికిని బీమా తన పేర మారనిచో, తన కారునకు కలిగిన నష్టమునకు పైసా రాదు.

బేరము కుదిరి, తాళములు చేతికి వచ్చిన పిదప వెలలో అయిదవవంతు సొమ్ము విడిగా మిగిలియుండవలెనన్నది నా నియమము. అంత మిగులనివాడు ఒక మెట్టు తక్కువ కారు కొనుట మంచిది. ఆ సొమ్ములో మొదటి ఖర్చు అలాయ్ చక్రములకు, సైలెన్సరు మార్పునకు కాదు. పాత యజమాని ఏమి చెప్పినను నమ్మక ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, బ్రేకు ద్రవము, కూలెంటు అన్నిటిని తీసివేసి కొత్తవి పోయించవలెను. టైమింగు బెల్టు గల ఇంజనైనచో, మార్చిన బిల్లు చూపనిదే బెల్టు మార్చినట్లు కాదు గనుక దానిని మార్పింపవలెను. బ్యాటరీ, ఇంధనపు గొట్టములు, టైర్లు చూపింపవలెను. ఆ పనుల బిల్లును, తేదీ, కిలోమీటర్లు వ్రాయించి, కొత్త ఫైలులో మొదటి కాగితముగా పెట్టవలెను; ఏడెనిమిదేండ్ల తరువాత ఆ కారును కొనుటకు పెద్ద కొడప్‌గల్ వచ్చువాడు మొట్టమొదట అడుగవలసినది దానినే.